నెమ్మది ప్రేమగీతాన్ని స్వింగ్ యుగళగీతంగా మలచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తీరిగ్గా సాగే పాత ప్రేమ పాటను ఇద్దరు గాయకులతో, స్వింగ్ నడకలో, చిన్న బృందంతో మళ్లీ కట్టాలనుకునేవారికి ఈ పేజీ. పాడేవారు, వాయించేవారు, అరేంజ్‌మెంట్ రాసేవారు ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ ఉన్నాయి. స్వరాల పేర్లు పాశ్చాత్య పద్ధతిలో ఇచ్చాం. సి4 అంటే పియానో మధ్యలో ఉండే సి. జి3 దానికి దిగువన, ఇ5 దానికి పైన.

పాట వేగం పెంచి పాడితే స్వింగ్ అయిపోదా?

అవదు. స్వింగ్‌ను తయారుచేసేవి రెండు: బీట్‌ను విడగొట్టే తీరు, బరువు పడే చోటు.

మామూలు పాటలో బీట్‌ను రెండు సమభాగాలు చేస్తాం. స్వింగ్‌లో మొదటి భాగం పొడుగు, రెండోది పొట్టి. మధ్యరకం వేగంలో ఆ నిష్పత్తి దాదాపు 2:1. బీట్‌లో మూడు సమానమైన చిన్న దెబ్బలు ఊహించుకుని మధ్యదాన్ని మానేస్తే వచ్చేది అదే. తిస్ర గతి అలవాటున్నవారు 'తకిట'లో 'కి' పలకకుండా 'త'ను సాగదీసి, చివర 'ట' వేసి చూడండి. వేగం బాగా పెరిగితే ఆ రెండు భాగాలూ దాదాపు సమానమవుతాయి. వేగం తగ్గితే తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే నిష్పత్తిని లెక్కగా బట్టీపట్టడం కన్నా చెవితో పట్టుకోవడం మేలు.

ఇక బరువు. నాలుగు బీట్లు కలిస్తే ఒక బార్. నెమ్మది ప్రేమ పాటలో ఊపు 1, 3 బీట్ల మీద ఉంటుంది. స్వింగ్‌లో డ్రమ్మర్ హై-హాట్ (కాలితో మూసే జంట తాళాలు) 2, 4 మీద మూసుకుంటుంది, వినేవారి చిటికె కూడా అక్కడే పడుతుంది. ఈ నడక అమెరికాలో నల్లజాతి సంగీతకారుల డ్యాన్స్ బ్యాండ్లలో రూపుకట్టింది. ఫ్లెచర్ హెండర్సన్, డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీల బృందాలు దాన్ని 1930ల్లో పతాకస్థాయికి తెచ్చాయి. నాట్యం కోసం పుట్టిన నడక కాబట్టి బృందం ఎంత బాగా వాయిస్తున్నా కాలు కదలకపోతే ఏదో తప్పింది. ఆ తప్పు చాలాసార్లు వేగంలో కాకుండా బరువులోనే ఉంటుంది.

ఎలాంటి పాట ఎంచుకోవాలి?

బాణీని వాయిద్యాలేవీ లేకుండా ఒంటి గొంతుతో పాడినా గుర్తుపట్టగలిగే పాట. బాణీలో ఎత్తుపల్లాలు ఉండాలి. ఒకే స్వరం మీద మాటలు దొర్లించే పాటకు స్వింగ్ వేస్తే బాణీ మాయమై లయ మాత్రం మిగులుతుంది. ప్రతి పాదం చివర కాస్త ఖాళీ ఉన్న పాట ఇంకా మంచిది, రెండో గొంతు దూరేది ఆ ఖాళీలోకే. నిడివి చూస్తే ఎనిమిది బార్ల పల్లవి రెండుసార్లు, ఎనిమిది బార్ల మధ్యభాగం, మళ్లీ పల్లవి, మొత్తం 32 బార్లు ఉన్న పాట అన్నిటికన్నా తేలిక.

ఒక గమకం మీదో, ఒక సుదీర్ఘ ఆలాపన మీదో ప్రాణం నిలుపుకున్న పాటల జోలికి పోకపోవడం మంచిది. స్వింగ్‌లో స్వరం పొడవు తగ్గుతుంది, గమకానికి చోటుండదు. ఆ పాట అందమంతా గమకమే అయినప్పుడు మనం దానికి మేలు చేయడం లేదు.

వేగం ఎంత పెట్టాలి?

నిమిషానికి 120 నుంచి 144 బీట్లు. 100 కన్నా దిగితే నడక బరువెక్కి, ఈడ్చినట్టు వినిపిస్తుంది. 180 దాటితే "నువ్వు లేక నేను లేను" లాంటి మాట కూడా వేళాకోళంగా వినిపిస్తుంది. ప్రేమ మాటకు కనీస గౌరవం మిగలాలంటే మధ్యలో ఉండటమే సరైనది. మొదటి ప్రయత్నానికి 132 తీసుకోండి.

అంకె కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. 66లో నడిచే పాటను 132లోకి తేవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, బార్‌కు బార్. బాణీ రెట్టింపు వేగంతో సాగుతుంది, 32 బార్ల పాట 1 నిమిషం 56 సెకన్ల నుంచి 58 సెకన్లకు తగ్గుతుంది. రెండోది, పాత పాటలో ఒక్కో బార్‌ను రెండు స్వింగ్ బార్లుగా పరచడం. గాయకులు పాత వేగంలోనే పాడుతుంటారు, కింద బృందం మాత్రం రెట్టింపు అడుగులు వేస్తుంది.

ఏ దారి ఎంచుకోవాలో అక్షరాలు చెబుతాయి. పాత పాటలో ఒక బార్‌కు ఎన్ని అక్షరాలు పడుతున్నాయో లెక్కపెట్టండి. ఐదారు లోపు ఉంటే మొదటి దారి. 132లో ఎనిమిది అక్షరాలంటే సెకనుకు 4.4. నోరు తిరుగుతుంది కానీ ఊపిరికి చోటుండదు, మాట జరపడానికి సందుండదు. ఎనిమిదీ అంతకు మించీ ఉంటే రెండో దారే. దానికో చిక్కుంది: కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) కూడా రెండేసి బార్లు సాగి, నేపథ్యం బోసిపోతుంది. దాన్ని ఎలా నింపాలో కార్డ్స్ ప్రశ్నలో చూడండి.

పాట 12/8లోనో 3/4లోనో ఉంటే?

12/8 అయితే సగం పని అయిపోయినట్టే. అందులో ప్రతి బీట్‌లో మూడు దెబ్బలు ఇప్పటికే ఉన్నాయి. వాయిద్యకారులు మధ్య దెబ్బను మానేయాలి, అంతే. పియానో వాయించేవారు అలవాటుకొద్దీ మూడూ వాయిస్తూ పోతే అది స్లో రాక్‌గానే ఉండిపోతుంది.

3/4 అయితే మూడు బీట్ల స్వింగ్‌లోనే, అంటే జాజ్ వాల్ట్జ్‌గా ఉంచేయవచ్చు. 4/4 చేయాలంటే ప్రతి బార్‌లో ఒక బీట్ అదనంగా కావాలి. మాట చివరి స్వరాన్ని పొడిగించడం కన్నా, పొడుగు అచ్చు ఉన్న అక్షరాన్ని పొడిగిస్తే అతుకు కనబడదు.

తెలుగు మాటలు స్వింగ్‌లో ఇముడుతాయా?

చక్కగా. స్వింగ్‌లో ఒక బీట్ పొడుగు-పొట్టి, అంటే గురువు-లఘువు. ఛందస్సులో అది హగణం. మూడు సమానమైన దెబ్బలంటే నగణం. మన సూర్యగణాలు రెండూ ఇవే! తేటగీతి, ఆటవెలది చదివిన నాలుకకు ఈ నడక కొత్తది కాదు.

ఉదాహరణ కోసం ఇక్కడే కట్టిన ఒక పాదం:

దీప | మార | లేదు | చూడు
తలుపు | తీసి | ఉంచి | నాను

ఒక్కో గణం ఒక్కో బీట్. 'తలుపు' నగణం, మిగతావన్నీ హగణాలు. మెట్రోనోమ్ పెట్టుకుని చదివితే ఏ ప్రయత్నమూ లేకుండానే స్వింగ్ వస్తుంది. కానీ ఇలా ప్రతి బీట్ మీదా గణం పడితే పద్యం అప్పజెప్పినట్టుంటుంది, పాట అవదు. జరపాలి. ఎక్కడ జరపాలన్నదే అసలు విద్య.

'దీ'ని ముందుకు జరపండి. ముందు బార్‌లో నాలుగో బీట్ పొట్టి భాగం మీద ఎత్తుకుని, ఒకటో బీట్ దాటించి, 'ప'ను ఒకటో బీట్ పొట్టి భాగం మీద వేయండి. 'దీ' ఎలాగూ దీర్ఘం కాబట్టి ఇంకాస్త సాగినా మాట చెడదు. పైగా తొందర తొందరగా తలుపు దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. ఇదే పని 'తలుపు'కు చేసి చూడండి. 'త'ను ముందు ఎత్తుకుని సాగదీస్తే అది 'తాలుపు' అవుతుంది. తెలుగు విన్నవాడెవడూ ఒప్పుకోడు. లఘువుతో మొదలయ్యే మాటను బీట్ మీదే, మూడు సమానమైన దెబ్బలుగా వదిలేయాలి. 'ఉంచి' సంగతి మరో రకం. అక్కడ గురువు వచ్చింది సున్నా వల్ల, అచ్చు పొట్టిదే. 'ఊఊంచి' అనకుండా 'ఉ' అనగానే మూసేసి, సున్నా నాదాన్ని సాగించాలి. అలా మూసిన నాదం మీద స్వింగ్ ఊనిక ఎంతో బాగా కుదురుతుంది. ద్విత్వాలూ అంతే. 'పువ్వు', 'నవ్వు', 'ముద్దు' లాంటి మాటలు బీట్‌కు ముందు పడితే చిటికె వేసినట్టు వినిపిస్తాయి.

పద్ధతి ఇదీ: పాట మొత్తం రాసుకుని, దీర్ఘాచ్చు గురువులకు ఒక గుర్తు, సున్నా ద్విత్వాల గురువులకు మరో గుర్తు పెట్టండి. మొదటివి ముందుకు జరపవచ్చు, సాగదీయవచ్చు. రెండోవి ముందుకు జరపవచ్చు, అచ్చును మాత్రం సాగదీయకూడదు. గుర్తు లేని లఘువులను కదపకండి.

మాటను ముందుకు జరపడం, వెనక్కి లాగడం ఎంతవరకు?

రెండు బార్లకు ఒకసారి ముందుకు జరిపితే చాలు. ప్రతి మాటా బీట్‌కు ముందే పడుతుంటే వినేవారికి ఒకటో బీట్ ఎక్కడుందో తెలియదు, జరిపిన రుచీ తెలియదు. వెనక్కి లాగడం, అంటే పాదాన్ని బీట్ దాటాక ఎత్తుకుని చివర్లో కలుపుకోవడం, ప్రేమ పాటకు బాగా నప్పుతుంది. మాట చెప్పడానికి కాస్త తటపటాయించినట్టుంటుంది. అతీత, అనాగత ఎడుపులు తెలిసినవారికి ఇది పరిచయమైన ఆటే. బృందం మాత్రం గాయకుల కోసం ఆగకూడదు. బేస్ (మంద్రస్వరాల వాయిద్యం) కదలకుండా నడిస్తేనే గొంతు వెనకబడినట్టు తెలుస్తుంది. బేస్ కూడా ఆగితే వేగం తగ్గినట్టు మాత్రమే తెలుస్తుంది.

ఇద్దరూ కలిసి పాడే చోట ఈ స్వేచ్ఛ లేదు. అక్కడ ఎవరు ఎక్కడ జరుపుతారో కాగితం మీద రాసుకోవాల్సిందే.

స్త్రీ, పురుష గొంతులకు ఒకే శ్రుతి కుదరడం లేదు. ఏం చేయాలి?

అందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. చాలామంది మధ్యలో ఏదో శ్రుతి పెట్టి ఇద్దరినీ ఇబ్బంది పెడతారు. లెక్క వేసుకుంటే దారి దొరుకుతుంది.

సి మేజర్‌లో బాణీ జి3 నుంచి బి4 దాకా తిరుగుతుందనుకోండి. గాయనికి హాయి. గాయకుడు ఒక స్థాయి దించితే జి2 నుంచి బి3. అడుగున గొంతు తేలిపోతుంది, పైన మెరుపు రాదు. అతనికి నాలుగు స్వరాలు (మొదలుపెట్టిన స్వరాన్నీ కలుపుకుని లెక్క) పైనున్న ఎఫ్ మేజర్ ఇస్తే సి3 నుంచి ఇ4 దాకా వస్తుంది, బారిటోన్‌కు సరిగ్గా సరిపోతుంది. స్త్రీ, పురుష శ్రుతుల మధ్య ఇలా నాలుగైదు స్వరాల తేడా మామూలే. కాబట్టి మొదటి విడత (పాట మొత్తం ఒకసారి) ఆమెకు సి, రెండో విడత అతనికి ఎఫ్. మారడానికి ఒక్క బార్ చాలు: చివరి బార్‌లో సి కార్డ్‌కు బి ఫ్లాట్ చేర్చి సి సెవెన్ చేస్తే అది తనంతట తానే ఎఫ్‌లోకి దిగుతుంది. రెండు బార్లు దొరికితే జి మైనర్ సెవెన్, సి సెవెన్ వేయండి, ఇంకా నున్నగా మారుతుంది.

మరి కలిసి పాడే చోట? బాణీ పాడేవారి శ్రుతే ఉంచి, రెండోవారు ఆరో స్వరం దూరంలో ఉండాలి. ఇదే హార్మొనీ. సి శ్రుతిలో ఆమె బాణీ పాడుతుంటే అతను ఆరు స్వరాలు కింద: బి2 నుంచి డి4. ఎఫ్ శ్రుతిలో అతను పాడుతుంటే ఆమె ఆరు స్వరాలు పైన: ఎ3 నుంచి సి5. రెండు సందర్భాల్లోనూ ఇద్దరూ హాయిగా పాడగలిగే చోటే. శ్రుతి మార్పు వల్ల మరో లాభం కూడా ఉంది. ఒకే పల్లవి రెండోసారి వచ్చినా కొత్తగా వెలుగుతుంది.

సాక్సఫోన్, ట్రంపెట్ ఉంటే ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ వైపు మొగ్గండి, వాళ్ల వేళ్లకు అవి తేలిక. అయినా గొంతుకూ వాయిద్యానికీ పేచీ వస్తే గొంతుదే గెలుపు కావాలి.

హార్మొనీ గొంతు బాణీకి అదే దూరంలో చివరిదాకా ఉండాలా?

ఉండకూడదు. చిన్న స్వరాల మీద ఆరో స్వరం దూరం పాటించవచ్చు. నిలిచే స్వరం మీద మాత్రం కింద ఏ కార్డ్ ఉందో చూసుకోవాలి. సి కార్డ్ మీద బాణీ జి4 దగ్గర నిలిస్తే, ఆరు స్వరాల కింద బి3 వస్తుంది. అది కార్డ్‌లోని సి పక్కనే ఉండి గీరుకుంటుంది. బి బదులు సి4 పాడితే సరి.

ఇక వైబ్రాటో. ఇద్దరూ ఎవరికి వారు గొంతు ఊపితే హార్మొనీ మసకబారుతుంది. కలిసి పాడే చోట స్వరాన్ని నిటారుగా ఉంచి, చివరి బీట్‌లో మాత్రం కాస్త ఊపు ఇవ్వండి. తెలుగు పాటలో దీనికి తోడు మరో సమస్య ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, మూసేయడానికి హల్లు ఉండదు. ఒకరు ముందు ఆపి, ఇంకొకరు తర్వాత ఆపితే తోక మిగిలినట్టు వినిపిస్తుంది. ప్రతి పాదం చివరా 'మూడో బీట్ మీద ఆపాలి', 'నాలుగు దాటగానే ఆపాలి' అని అంకె వేసుకోండి.

హార్మొనీ మరీ ఎక్కువ చేయకండి. పాట మొత్తంలో పావు వంతు చాలు.

ఒకరి కోసం రాసిన పాటను ఇద్దరికి ఎలా పంచాలి?

పాదానికొకరు చొప్పున పంచితే తరగతి గదిలో పాఠం చదివినట్టుంటుంది. పాటలో ఎవరు ఎవరితో ఏమంటున్నారో ముందు చూడాలి. ఒకరు మాట అంటారు, మరొకరు దానికి బదులిస్తారు, మధ్యలో అందుకుంటారు, ఒక్కోసారి కాదంటారు. బాణీలో స్వరం నిలిచిన చోటల్లా అవతలివారికి అవకాశమే. పైన చెప్పిన పాదంలో ఆమె 'దీపమారలేదు' అని మూడు బీట్లు పాడి 'చూడు' వదిలేస్తే, ఆ నాలుగో బీట్ మీద, తర్వాతి బార్ ఒకటో బీట్ మీద అతను 'తెలుసు తెలుసు' అనవచ్చు. రెండు నగణాలు, రెండు బీట్లు. ఆమె 'తలుపు తీసి'ని ఒక బీట్ ఆలస్యంగా ఎత్తుకుంటుంది. ఒక్క మాట చేర్చడంతో ఒంటరి పాట సంభాషణ అయింది. ఇలాంటి జవాబులు ఎనిమిది బార్లకు రెండు మించకూడదు. మించితే అసలు పాట వినబడదు.

1956లో జాజ్ గాయకులు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి చేసిన రికార్డింగులు ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటివి. వెనక ఆస్కార్ పీటర్సన్ పియానో, హెర్బ్ ఎలిస్ గిటార్, రే బ్రౌన్ బేస్, బడ్డీ రిచ్ డ్రమ్స్. ఆమె గొంతు నున్నన, అతనిది గరుకు. ఇద్దరూ ఒకరినొకరు అనుకరించే ప్రయత్నం చేయరు. ఒకరు పాడుతుంటే మరొకరు ఎంతసేపు మౌనంగా ఉంటారో కూడా గమనించండి.

వ్యాకరణం విషయానికొస్తే, 'వచ్చాను', 'వచ్చావు' లాంటివి ఎవరు పాడినా మారవు. మార్చాల్సినవి మూడే రకాలు: 'వచ్చాడు, వచ్చింది' లాంటి ప్రథమ పురుష క్రియలు, 'చెలీ, సఖా' లాంటి పిలుపులు, 'ఒంటరివాణ్ని, ఒంటరిదాన్ని' లాంటి మాటలు. 'వాణ్ని' బదులు 'దాన్ని' వచ్చినా గణం చెడదు. పిలుపుల దగ్గర మాత్రం జాగ్రత్త: 'చెలీ' లఘువు-గురువు, దాని స్థానంలో పెట్టే మాటకూ అదే తూకం ఉండాలి. 'సఖా'కు ఆ తూకం ఉంది.

విరహగీతాన్ని ఇద్దరు పక్కపక్కన నిలబడి పాడితే అర్థం చెడదా?

పట్టించుకోకపోతే చెడుతుంది. 'ఎక్కడున్నావు' అని పక్కనున్న మనిషిని చూస్తూ పాడితే నవ్వు వస్తుంది. మంచి పరిష్కారం ఏమిటంటే, ఇద్దరినీ వేర్వేరు చోట్ల ఉన్నట్టు ఉంచడం. మొదటి విడతలో ఒకరి మాటకు మరొకరు నేరుగా బదులివ్వకుండా, ఒకే బాధను ఎవరికి వారు చెప్పుకోవాలి, హార్మొనీ అసలు వాడకూడదు. చివరి పల్లవిలో మొదటిసారి గొంతులు కలవాలి. అప్పటిదాకా దాచుకున్నందుకు ఆ కలయికకు విలువ వస్తుంది. స్వింగ్ ఊపు ఉన్నంత మాత్రాన విరహం పోనక్కర్లేదు. కాలు ఆడుతుండగా మనసు బరువుగా ఉండటం ఈ సంగీతానికి మొదటి నుంచీ తెలిసిన సంగతే.

కార్డ్స్ ఎంతవరకు మార్చాలి?

బాణీని ముట్టుకోకుండా ఎంత వీలైతే అంత, అంతకు మించి వద్దు. నెమ్మది పాటల్లో తరచూ వచ్చే సి, ఎ మైనర్, ఎఫ్, జి వరసను తీసుకోండి. స్వింగ్‌లో అది సి సిక్స్త్, ఎ మైనర్ సెవెన్, డి మైనర్ సెవెన్, జి సెవెన్ అవుతుంది. ఎఫ్ బదులు డి మైనర్ సెవెన్ ఎందుకు కుదురుతుందంటే, ఎఫ్ కార్డ్‌లోని ఎఫ్, ఎ, సి మూడూ దానిలో ఉన్నాయి. జి సెవెన్‌లోకి దిగే ఊపు కూడా దానికే ఎక్కువ.

సి మేజర్ సెవెన్ (బి చేరిన కార్డ్) కాకుండా సిక్స్త్ (ఎ చేరినది) ఎందుకు? ప్రేమ పాటల బాణీ పాదం చివర ఆధార షడ్జం మీద నిలుస్తుంది. మేజర్ సెవెన్‌లోని బి, గాయని పాడే సితో అర స్వరం తేడాలో రాసుకుంటుంది. సిక్స్త్‌లో ఆ గొడవ లేదు, పైగా 1930ల రంగు వస్తుంది.

ఎ మైనర్ ఉన్న చోట సి షార్ప్ డిమినిష్డ్ వేస్తే బేస్ సి, సి షార్ప్, డి అని మెట్లెక్కుతుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. అయితే ఆ బార్‌లో బాణీ సి మీద నిలిచి ఉంటే ఇది వాడకూడదు, సి షార్ప్‌తో గీరుకుంటుంది. ఏ కార్డ్ మార్చినా ముందు బాణీలోని పొడుగు స్వరాన్ని దానితో కలిపి పియానో మీద మోగించి చూడండి. కాగితం మీద సరిపోయినంత మాత్రాన చాలదు.

ఒక్కో బార్‌ను రెండుగా పరిచే దారి ఎంచుకున్నవారికి: సి రెండు బార్లు సాగి ఎ మైనర్‌కు వెళ్తుంటే, రెండో బార్ చివరి రెండు బీట్లలో ఇ సెవెన్ వేయండి. అలాగే ప్రతి కార్డ్‌కు ముందు దాని ఐదో స్వరం మీది సెవెన్ కార్డ్ రెండు బీట్లు పెడితే బోసితనం పోతుంది. అన్ని చోట్లా పెట్టకండి. మధ్యభాగంలో ఒక్క చోటైనా కార్డ్ మారకుండా రెండు బార్లు ఊరుకుంటే చెవికి విశ్రాంతి.

బేస్, గిటార్, డ్రమ్స్ ఏం వాయించాలి?

బేస్ మొదటి విడతలో బార్‌కు రెండే స్వరాలు: 1 మీద, 3 మీద. రెండో విడతలో నాలుగు బీట్లూ నడవాలి. ఈ ఒక్క మార్పుతో వేగం పెంచకుండానే పాట లేచి నిలబడుతుంది. నడకకు మొదటి సూత్రం: ఒకటో బీట్ మీద కార్డ్ మూలస్వరం, నాలుగో బీట్ మీద తర్వాతి మూలస్వరానికి పక్క స్వరం. డి మైనర్ సెవెన్ నుంచి జి సెవెన్‌కు వెళ్లేటప్పుడు డి, ఎఫ్, ఎ, ఎ ఫ్లాట్, ఆపైన జి.

గిటార్ బార్‌కు నాలుగు మీటులు, అన్నీ కిందికే. రెండు మూడు స్వరాల చిన్న కార్డ్ పట్టుకుని, మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ల ఒత్తిడి వదలాలి. స్వరం 'ఛక్' మని ఆగాలి, మోగుతూ ఉండకూడదు. 1937లో బేసీ బృందంలో చేరి 1987లో కన్నుమూసేదాకా అందులోనే వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ జీవితమంతా దాదాపు ఇదే చేశాడు. సోలోలు వాయించనక్కర్లేదని, ఇదే ఒక కళ అని అతను నిరూపించాడు.

డ్రమ్స్ మొదటి విడతలో బ్రష్‌లతో, రెండో విడతలో రైడ్ సింబల్ మీద కర్రలతో. హై-హాట్ పాదం 2, 4 మీద. స్నేర్‌ను 2, 4 మీద గట్టిగా కొడితే అది రాక్ షఫుల్ అయిపోతుంది. పియానో పెడల్ తొక్కకూడదు. బ్యాలడ్ వాయించే అలవాటున్న పియానిస్టులు మొదట మానుకోవాల్సింది ఇదే. పెడల్ తొక్కితే పొట్టి స్వరం పక్క బీట్‌లోకి కారిపోయి నడక మొద్దుబారుతుంది.

మొత్తం పాట ఎలా పేర్చాలి? నిడివి ఎంత?

132 వేగంలో ఒక్కో బార్ 1.82 సెకన్లు. 32 బార్ల పాటకు నమ్మకంగా పనిచేసే అమరిక:

1. ఉపోద్ఘాతం 8 బార్లు. ఇక్కడ పాత పాటను దాని సొంత నెమ్మదిలోనే, పియానో ఒక్కటే తోడుగా ఒక పాదం పాడించినా బాగుంటుంది. అప్పుడు నిడివి కాస్త పెరుగుతుంది.
2. మొదటి విడత 32 బార్లు, సి శ్రుతిలో. ఆమె బాణీ, అతని చిన్న జవాబులు, మధ్యభాగంలో అతని హార్మొనీ. చివరి బార్‌లో శ్రుతి మార్పు.
3. రెండో విడత 32 బార్లు, ఎఫ్ శ్రుతిలో. మొదటి 16 బార్లు అతను, మధ్యభాగం 8 బార్లు వాయిద్యం, చివరి 8 బార్లు ఇద్దరూ కలిసి.
4. ముక్తాయింపు 6 బార్లు.

మొత్తం 78 బార్లు, 2 నిమిషాల 22 సెకన్లు. తక్కువగా ఉందని మరో విడత చేర్చాలనిపిస్తుంది. మూడో విడతలో చెప్పడానికి కొత్త సంగతి ఉంటేనే చేర్చండి.

బృందం లేదు, గిటార్ ఒక్కటే ఉంది. చేయవచ్చా?

చేయవచ్చు. పైన చెప్పిన నాలుగు మీటుల పద్ధతి, పాడనివారు 2, 4 మీద చిటికె. ఇద్దరు వాయిద్యకారులు దొరికితే రెండోది పియానో కన్నా బేస్ అయితే మంచిది.

కంప్యూటర్‌లో ట్రాక్ చేస్తుంటే స్వింగ్ ఎంత శాతం పెట్టాలి?

ముందు మీ సాఫ్ట్‌వేర్ కొలమానం చూడండి. కొన్నిట్లో 50 అంటే సమానం, 66 లేదా 67 అంటే 2:1. మరికొన్నిట్లో 0 సమానం, 100 అంటే 2:1. మొదటి రకంలో, 132 వేగానికి, 60 నుంచి 64 మధ్య మొదలుపెట్టి చెవితో సవరించండి. బేస్, రైడ్ సింబల్ కలిసి పడాలి. గొంతును మాత్రం ఎప్పుడూ గ్రిడ్‌కు బిగించకండి. వెనక్కి లాగిన మాటను సాఫ్ట్‌వేర్ తప్పుగా భావించి బీట్ మీదకు తెచ్చిపెడుతుంది, పాడినవారి తటపటాయింపు అంతా పోతుంది.

మైక్‌లు ఎలా పెట్టాలి?

ఎదురెదురుగా నిలబడటం మంచిది. ఒకరి నోటి కదలిక ఒకరికి కనిపిస్తే మాటలు కలుస్తాయి. రెండు మైక్‌లు వాడితే, వాటి మధ్య దూరం నోటికీ మైక్‌కూ మధ్య దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. 15 సెంటీమీటర్ల దగ్గర పాడితే మైక్‌ల మధ్య 45 సెంటీమీటర్లు. తగ్గితే ఒకరి గొంతు రెండు మైక్‌లలోనూ పడి డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

సాధన ఎలా చేయాలి? ఎక్కడ ఎక్కువగా చెడుతుంది?

మెట్రోనోమ్‌ను 132లో పెట్టకండి, 66లో పెట్టండి. వినిపించే ప్రతి దెబ్బనూ 2, 4 అనుకుని 1, 3 మీరే ఊహించుకోండి. మొదటి రోజు చాలామంది నాలుగు బార్లలో తిరగబడి దెబ్బను 1గా వినడం మొదలుపెడతారు. అప్పుడు ఆపేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది నిలబడ్డాక బాణీ లేకుండా మాటలు మాత్రం లయలో చదవండి, ఆ తర్వాతే పాడండి. ఈ మధ్య మెట్టు దాటేసినవారికే మాటలు జారతాయి.

చెడే చోట్లలో మొదటిది వేగం. ఇద్దరు గాయకులు ఒకరి మాట ఒకరు అందుకునేటప్పుడు ఉత్సాహంలో తోస్తారు, పాట చివరికి 132 కాస్తా 145 అవుతుంది. రికార్డ్ చేసి మొదటి 8 బార్లనూ చివరి 8 బార్లనూ పోల్చి చూడండి. రెండోది, గట్టిగా పాడటం. స్వింగ్ అనగానే గొంతు పెంచుతారు. బృందం పెద్దదైనా ప్రేమ పాట ఒక మనిషి చెవికే. మొదటి విడత మాట్లాడే గొంతుకు కాస్త పైన ఉంటే చాలు. మూడోది, అతిగా స్వింగ్ చేయడం. పొట్టి స్వరాన్ని మరీ పొట్టిగా, కుదుపుతో పాడితే గుర్రం గెంతినట్టుంటుంది. పొడుగు స్వరాన్ని దాని చివరిదాకా నిలిపితే ఆ కుదుపు దానంతట అదే తగ్గుతుంది.

అనుమతి అవసరమా?

పాట మాటలకూ బాణీకీ హక్కుదారులు ఉంటే, బహిరంగంగా విడుదల చేసే ముందు వారి అనుమతి తీసుకోవాలి. మాటలు మార్చినా, జవాబులు చేర్చినా ఆ సంగతి విడిగా చెప్పి అడగాలి. పాత రికార్డింగ్‌లోని ముక్క వాడితే రికార్డింగ్ హక్కు మరొకరిది కావచ్చు.

పాట ఎలా ముగించాలి?

మూడు పద్ధతులున్నాయి. మొదటిది, చివరి పాదాన్ని మూడుసార్లు పాడటం: ఒకసారి ఆమె, ఒకసారి అతను, మూడోసారి కలిసి. ఎఫ్ శ్రుతిలో కింద ఎ మైనర్ సెవెన్, డి సెవెన్, జి మైనర్ సెవెన్, సి సెవెన్ రెండేసి బీట్ల చొప్పున తిరుగుతుంటే, మూడోసారి మాత్రం ఎఫ్ సిక్స్త్ మీద దిగాలి. పైన చెప్పిన ఆరు బార్లు దీనికే. రెండోది, బేసీ పేరు మీద ప్రసిద్ధమైన ముగింపు. గొంతులు ఆగాక పియానో పై స్వరాల్లో మూడు చిన్న కార్డ్స్ మెల్లగా వేసి వదిలేస్తుంది. మూడోది, చివరి రెండు బార్లలో బృందం ఆగిపోయి, ఇద్దరూ పాత పాట నెమ్మదిలోకి తిరిగి వెళ్లడం. ఇది కష్టం. వేగం తగ్గేది ఎవరి సైగతోనో ముందే తేల్చుకోవాలి. పాడేవారిలో ఒకరు తల ఊపితే చివరి మాట మొదటి అక్షరం, చెయ్యి దించితే ఆపడం, ఈ రెండు సైగలు చాలు. బేస్ వాయించేవారు కూడా ఆ సైగ చూసే చోట నిలబడాలి.